మా అక్క మోటారుకు పట్టిన దగ్గు

ఆ రోజుల్లో మా దీవుల్లో ఎవరింట్లో ఏ వస్తువు కనబడినా, ఇది సునామీకి ముందుదా తర్వాతదా అని అడిగేవాళ్లు. ముందుదంటే మనం కొనుక్కున్నదని అర్థం. తర్వాతదంటే ఎవరో ఇచ్చిందని. రేకుల ఇల్లు, ప్లాస్టిక్ బిందె, గ్యాసు పొయ్యి, ఉన్ని దుప్పటి (ఏడాది పొడవునా చెమటలు కారే ఊరికి ఉన్ని దుప్పట్లు ఎందుకు పంపారో పంపిన పుణ్యాత్ములకే తెలియాలి, మా అమ్మ మా వాటాకి వచ్చినదాన్ని నాలుగు మడతలు పెట్టి ఇస్త్రీ బల్ల చేసుకుంది) అన్నీ తర్వాతవే. ఆ లెక్కన నా మొదటి ఉద్యోగం కూడా సునామీ తర్వాతదే. దాన్నీ ఎవరో ఇచ్చారు. దుప్పటి లాగే అదీ నాకు ఎందుకిచ్చారో చాలాకాలం అర్థం కాలేదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాసై, ఏదో ఒక ఓడ ఇంజిన్ రూములోకి పిలుపు వస్తుందని ప్రోతరాపూర్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. మా తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ దిగినవాడు కాబట్టి సముద్రం మా రక్తంలోనే ఉందని నాన్న అందరికీ చెప్పేవాడు. నా రక్తంలో ఏముందో గానీ కడుపులో ఉన్నది మాత్రం పడవ ఎక్కగానే బయటికి వచ్చేది. అలాంటి నన్ను మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక సహాయ సంస్థ వాళ్లు మోటారు మెకానిక్‌గా తీసుకున్నారు. సునామీలో పడవలు పోయిన కుటుంబాలకు వాళ్లు డింగీలనే కొత్త చిన్న పడవలు, వాటి వెనక తగిలించే పెట్రోలు మోటార్లు పంచారు. అవి చెడిపోతే వెళ్లి బాగుచేయడం నా పని. పదిహేను రోజులు శిక్షణ ఇచ్చి, ఒక నీలం సంచీ నిండా పానాలు, ఒక టోపీ, ముప్పై ఒక్క ప్రశ్నలున్న ఒక ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టారు. మోటారుకి ఏ జబ్బు వచ్చినా ఆ ప్రశ్నల్ని వరసగా అడుగుతూ, పక్కన టిక్కు పెట్టుకుంటూ పోతే ముప్పై ఒకటో ప్రశ్న లోపల జబ్బు బయటపడి తీరుతుందని మా సారు చెప్పారు. నేను నమ్మాను. టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాక ఇంకా గట్టిగా నమ్మాను.

ఇక మా అక్కా బావల సంగతి. వాళ్లుండేది బంబూఫ్లాట్‌లో. ప్రోతరాపూర్‌లో బస్సెక్కి చాతంలో దిగి, అక్కడ ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి పోతే వాళ్ల ఊరు. అక్క ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు నడిపేది. బావ వేటకి వెళ్లేవాడు. సునామీ రోజు, ఆదివారం పొద్దున్న, భూమి కదలగానే పడవ ఒడ్డుకి లాగుదామని పరిగెత్తి, పడవతో సహా నీళ్లలో గిరగిరా తిరిగి, చివరికి ఎవరిదో కొబ్బరిచెట్టుని కావలించుకుని బతికిన మనిషి. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా నవ్విస్తూనే చెప్పేవాడు. "ఆ సెట్టుగలాయన కిందనుంచి అరుత్తున్నాడు, ఏయ్ భయ్యా, కాయలు ముట్టుకోకు అని. నాను కాయల కోసం ఎక్కినానా" అనేవాడు. మేమంతా పడీ పడీ నవ్వేవాళ్లం. పడవ మాత్రం దొరకలేదు. దాని బదులు వచ్చిన కొత్త మోటారుని అక్క పేరు మీద రాశారు, ఏదిచ్చినా ఇంటి ఆడవాళ్ల పేరునే ఇవ్వాలని ఆ సంస్థ నియమం. అక్క సంతకం పెట్టింది, దండ వేయించుకుంది, ఫొటో దిగింది. ఆ తర్వాత మోటారుని ముట్టుకోనిచ్చినవాడు లేడు.

మొదటి కబురు ఫెర్రీలో వచ్చిన ఒకాయన మోసుకొచ్చాడు. "మీ బావ మోటారు దగ్గుతోందంట, నువ్వు టోపీ పెట్టుకుని రావాలంట." టోపీ ముక్క బావ కలిపిందే. మర్నాడు సంచీ భుజాన వేసుకుని వెళ్లాను. బావ ఒడ్డున డింగీలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏటయింది బావా?"

"ఏటవుద్ది. బయల్దేరినప్పుడు పెళ్లికొడుకులాగుంటాది. పది నిమిషాలెల్లేసరికి ఖళ్లు ఖళ్లుమని దగ్గి, ఊపిరాడనట్టు గింజుకుని ఆగిపోతాది. నీ కాగితంలో దగ్గుకి మందుందేటి?"

నేను కాగితం తీశాను. ప్లగ్గు తీసి గీకి తుడిచాను. ట్యాంకు మూత తిప్పి పెట్రోలు ఉందో లేదో చూశాను. పడవ అడుగున ఒక ఎర్ర డబ్బా, దాన్లోంచి మోటారుకి ఒక రబ్బరు పైపు, ఆ పైపు మధ్యలో పిసికితే పెట్రోలు ముందుకి నెట్టే చిన్న బుడ్డి, ట్యాంకంటే అంతే. మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందా అన్నది మూడో ప్రశ్న. తెరిచే ఉంది. టిక్కు పెట్టాను. తాడు లాగాను. మోటారు ఒక్క లాగుకే అందుకుని వెన్నలా తిరిగింది. అయిదు నిమిషాలు నడిపి చూపించి, ప్లగ్గు మసి పట్టిందని తేల్చి, అక్క వండిన కోనాం చేపల పులుసు తిని, మూడింటి ఫెర్రీ పట్టుకుని ఇంటికొచ్చేశాను. ఆ సాయంత్రం మా నాన్న దగ్గర సముద్రం మన రక్తంలో ఉందన్న మాటని నేనే కదిపాను.

మర్నాటి ఫెర్రీలో మళ్లీ కబురు. దగ్గు తగ్గలేదు.

అక్కణ్ణుంచి నా బతుకు ఫెర్రీ టికెట్టులా చినుగుతూ వచ్చింది. రెండోసారి వెళ్లేసరికి ఒడ్డున బావతో పాటు గ్రీజు తాత కూడా ఉన్నాడు. ఆయన ఫెర్రీలో గ్రీజరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఇంజిన్ చప్పుడు వింటే చాలు, దాని జాతకం చెప్పేవాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "పెట్రోల్‌మే పానీ" అని తీర్పు చెప్పాడు. పెట్రోల్లో నీళ్లు కలిశాయట, సరేనని ట్యాంకు మూత తీసి, పెట్రోలంతా బయటికి వంచి, అక్క పాత చీర ముక్కలో వడగట్టి మళ్లీ పోశాను. మోటారు పాడినట్టు తిరిగింది. తాత మీసం దువ్వుకున్నాడు. మూడింటి ఫెర్రీ. మర్నాడు కబురు. మూడోసారి కార్బురేటర్ మొత్తం విప్పి, అక్క ఇంట్లో పళ్లేలన్నీ పరిచి, ముక్క ముక్కా కడిగి బిగించాను (ఒక స్ప్రింగు మిగిలింది, ఎక్కడిదో తెలియక జేబులో వేసుకున్నాను, చివరికది మా అక్క బాల్ పెన్నుదని తేలింది). ట్యాంకులో పెట్రోలు ఉందో లేదో చూసి, తాడు లాగితే అద్భుతం. మూడింటి ఫెర్రీ. మర్నాడు కబురు. నాలుగోసారి చూస్తే పైపు మధ్యలో బుడ్డి ఎండిన నిమ్మకాయలా నొక్కుకుపోయి ఉంది. దొరికిందిరా దొంగ అనుకుని ఆఫీసు నుంచి కొత్త బుడ్డి తెచ్చి వేశాను. మూడు రోజుల్లో అదీ నిమ్మకాయే.

చదువుతున్న మీరు ఈపాటికి ఏదో పసిగట్టి ఉండవచ్చు. నేను మాత్రం పసిగట్టలేదు. ప్రతిసారీ ఏదో ఒకటి చేసేవాణ్ణి, ప్రతిసారీ బాగయ్యేది. ఏది చేసినా బాగవుతుంటే ఎవడికైనా తన చేతి మీద నమ్మకం పెరుగుతుంది గానీ అనుమానం ఎందుకొస్తుంది? పది నిమిషాలకు మించి ఒక్కసారీ నడిపి చూడలేదు. మూడింటి ఫెర్రీ పోతే తర్వాతది అయిదున్నరకి, పైగా నడపాలంటే నీళ్లలోకి వెళ్లాలి, నీళ్లలోకి వెళితే నా కడుపు సంగతి మీకు చెప్పాను.

ఈ మధ్యలో బావ తన వైద్యం తాను చేశాడు. మోటారు మెడకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. మోటారు అక్క పేరున ఉంది కాబట్టి దిష్టి ఆమెకి తగిలిందా మోటారుకి తగిలిందా అన్నది తేలకపోతే ఇద్దరికీ తీయించాలన్నాడు. ఒకసారి నేను ట్యాంకు మూత తిప్పుతుంటే, కొట్లోంచి టీ గ్లాసులు తెస్తూ అక్క ఆగింది.

"ఒరేయ్, ఆ మూత తీసినప్పుడల్లా బుస్సుమంటాదేటిరా?"

"అది వేపర్ అక్కా," అన్నాను టోపీ సర్దుకుంటూ. "పెట్రోలు ఆవిరి. ఎండకి పొంగుతుంది."

"బయటికొత్తున్నట్టు లేదురా. లోపలికి పీల్చుకున్నట్టుంది."

"నీకు తెలీదులే అక్కా."

ఆ మాట నేనే అన్నాను. దాచుకుని లాభం లేదు.

ఇంతలో మా సారు దగ్గర్నుంచి ఆదేశం వచ్చింది. మోటార్లు ఇచ్చిన దాతలకు పంపడానికి, నీళ్ల మీద నడుస్తున్న మోటార్ల ఫొటోలు కావాలట. శనివారం పది గంటల ఫెర్రీలో బంబూఫ్లాట్ వస్తున్నారట. నా బుర్రలో ఒక గొప్ప ఆలోచన పుట్టింది. సారు దిగేదాకా ఒడ్డున నిలబడటం కాదు, ఫెర్రీ నడి కాలువలో ఉండగానే మా డింగీ దాని పక్కన దూసుకుపోవాలి, బావ మోటారు పట్టుకోవాలి, నేను ముందు భాగంలో టోపీతో నిలబడాలి. సారు పైనుంచి ఫొటో తీస్తారు. ఆ ఫొటో ఏ దేశంలోనో గోడకెక్కుతుంది.

"ఇప్పుడది అవసరమేటిరా? ఒడ్డునే నడిపి సూపించీద్దుం," అన్నాడు బావ.

"పక్కా నడుస్తుంది బావా. నిన్ననే కొత్త ప్లగ్గు వేశాను."

బయల్దేరాం. పది గంటల ఫెర్రీ పదింటికి వచ్చిన చరిత్ర లేదన్న సంగతి నా ప్రణాళికలో లేదు. చాతం రంపపు మిల్లు కేసి చూస్తూ, కాలువ మధ్యలో గుండ్రంగా తిరుగుతూ కాచుకున్నాం. అయిదు నిమిషాలు. ఏడు. చాతం జెట్టీ నుంచి ఫెర్రీ కదలడం, మా మోటారు ఖళ్లుమనడం ఒకేసారి జరిగాయి. రెండు దగ్గులు దగ్గింది, ఒకసారి ఎగశ్వాస తీసింది, ఆగిపోయింది. సరిగ్గా ఫెర్రీ దారిలో.

తాడు లాగాను. మళ్లీ లాగాను. అరచెయ్యి బొబ్బలెక్కేదాకా లాగాను. ఫెర్రీ బూరా కొట్టింది. నేను మోటారు పైమూత తీసి ప్లగ్గు మీద పడ్డాను. ఫెర్రీ దగ్గరికొచ్చింది. కటకటాల వెంబడి జనం బారులు తీరి నిలబడ్డారు, వాళ్లలో సలహా లేని మనిషి ఒక్కడూ లేడు. చోక్ లాగమని హిందీలో ఒకరు, వద్దని తమిళంలో ఒకరు, ప్లగ్గు విప్పమని బెంగాలీలో ఒకరు (విప్పే ఉంది), మోటారుని కాలితో తన్నమని మన తెలుగులో ఒకరు. ఫెర్రీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నన్నూ మా వంశాన్నీ సముద్రాన్నీ కలిపి ఏదో అన్నాడు. అంతా చేసి ఫెర్రీ మా పక్కనుంచి బారెడు దూరంలో పోయింది. దాని కెరటం వచ్చి కొడితే డింగీ ఇటు ఒరిగి అటు ఒరిగింది. నేను పడవ అంచు మీద వాలి, అంతవరకూ ఆపుకున్నదంతా సముద్రానికి అప్పగించాను. తలెత్తి చూస్తే పైన మా సారు. కెమెరా కంటి దగ్గర ఉంది. ఆయన ఫొటో తీశారు.

ఇంత జరుగుతున్నా బావ వెనక కూర్చుని రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని అలా ఉండిపోయాడు. నా మీద కోపం అనుకున్నాను. నాకూ ఒళ్లు మండుతోంది. ఒక తెడ్డు ఉంది, అది నేను తీసుకున్నాను. "బావా, ఆ పైమూత పెట్టయినా నీళ్లు తోయి, ఏటలా కూచున్నావు" అని విసుక్కున్నాను. చాలాసేపటికి చేతులు విడిచి మూత అందుకున్నాడు.

ఒడ్డు చేరేసరికి సారు కొట్టు ముందు కుర్చీలో అక్క ఇచ్చిన టీ తాగుతున్నారు. ఆయన మంచి మనిషే, కేకలు వేయలేదు (ఆయన మాట్లాడింది హిందీలో, నేను తెలుగులో రాస్తున్నాను). "నెలన్నరగా నీ రిపోర్టుల్లో ఈ మోటారు అయిదుసార్లు బాగైంది. జాబితాలో ఇంకా మోటారు రాని కుటుంబాలున్నాయి. బుధవారం లోపల ఇది గంటసేపు ఆగకుండా నడవాలి. లేకపోతే దీన్ని వెనక్కి తీసుకుంటాను. కంపెనీకి పంపి బాగుచేయించి తర్వాతి వాళ్లకిస్తాను. నీకు కూడా వేరే పని చూస్తాను." వేరే పని అంటే మిడిల్ పాయింట్ ఆఫీసులో దుప్పట్ల లెక్క రాయడం. అది నాకు తెలుసు. ఆయనతో పాటు ఫెర్రీ దాకా నడిచి, తిరిగొచ్చి, కొట్లో బియ్యం బస్తా మీద కూలబడ్డాను.

బావ కనబడలేదు. ఇంటి వెనక్కి వెళ్లి పడుకున్నాడంది అక్క. ఆమె ఒక కొత్త నూనె డబ్బా ముందు పెట్టుకుని, మేకూ సుత్తీ తీసుకుని మూల మీద ఒక కన్నం పొడిచింది. ఎదుటి మూల మీద ఇంకో కన్నం పొడిచింది. నూనె సన్నటి ధారగా, తెగకుండా సీసాలోకి దిగింది. నేను కాగితం తీసి ముప్పై ఒక్క ప్రశ్నలూ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను.

"నా మోటారు పట్టుకెళ్లిపోతారంట గదా," అంది అక్క సీసా నుంచి కన్ను తిప్పకుండా.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఓసారి ఆ డబ్బా నన్ను సూడనియ్యి."

ఆమెని ఆపే ఓపిక నాకు లేదు. వెళ్లి డింగీలోంచి ట్యాంకు మోసుకొచ్చి కొట్టు గచ్చు మీద పెట్టాను. అక్క మూత తిప్పింది. బుస్సుమంది. "విన్నావా," అంది. మూతని వెలుగులోకి ఎత్తి పట్టుకుని, గాలి స్క్రూ కింద ఉన్న సన్నటి గొట్టంలోకి నోరు పెట్టి ఊదింది. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి పోలేదు. జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసు తీసి, గొట్టంలోకి గుచ్చి తిప్పింది. ఎర్రమట్టి పొడి రాలింది. ఇంకా తిప్పితే గడ్డ కట్టిన మట్టి ముక్క, దాని వెనకాల ఎండిపోయిన చిన్న సాలెపురుగు గచ్చు మీద పడ్డాయి.

"కుమ్మరి పురుగు గూడు కట్టింది రా," అంది అక్క.

పంచిపెట్టవలసిన పెద్దమనిషికి తీరిక దొరికేదాకా ఆ మోటార్లు ఆర్నెల్లు షెడ్డులో పడున్నాయి. ఆ ఆర్నెల్లలో, మట్టితో గూడు కట్టి పిల్లల మేతకి సాలెపురుగుల్ని దాచే కుమ్మరి పురుగుకి తీరిక దొరికింది. ట్యాంకులోంచి పెట్రోలు పోయేకొద్దీ దాని బదులు గాలి లోపలికి వెళ్లాలి. వెళ్లే దారి మూసుకుపోతే కాసేపటికి పెట్రోలు దిగడం మానేస్తుంది, మోటారు ఊపిరాడక చస్తుంది. మూత తీయగానే గాలి లోపలికి దూకుతుంది, మళ్లీ పది నిమిషాలు పెళ్లికొడుకు. అంటే నెలన్నరగా దాన్ని బాగుచేస్తున్నది నా పానాలు కాదు, గ్రీజు తాత చెవులు కాదు, పెట్రోలు ఉందో లేదోనని నేను అనుకోకుండా తిప్పిన మూత. స్క్రూ తెరిచి ఉందా అని కాగితం అడిగింది, తెరిచే ఉందని టిక్కు పెట్టాను. దాని కింద దారి ఉందా అని కాగితం అడగలేదు, నాకూ తోచలేదు.

"నూనె డబ్బాకి ఒక్క కన్నమే ఎడితే గుడగుడమని ఆగి ఆగి పడతాది గదరా. అలాటిదే అనుకున్నాను మొదట్నుంచీ," అంది అక్క.

"అయితే చెప్పొచ్చు కదక్కా."

"సెప్పినాను. నాకు తెలీదన్నావు."

ఆ మధ్యాహ్నం మోటారు గంటా ఇరవై నిమిషాలు ఆగకుండా తిరిగింది. మంగళవారం సారు వచ్చి చూసి, ఫొటో తీసుకుని వెళ్లారు. దాన్లో నేను నిలబడే ఉన్నాను. రిపోర్టులో లోపం అన్న గడిలో 'కుమ్మరి పురుగు, పిన్నీసు, అక్క' అని రాయడానికి చెయ్యి రాలేదు. ఇంధన మార్గంలో వాయు అవరోధం కనుగొని తొలగించడమైనది అని ఇంగ్లీషులో రాశాను. అది చదివి సారు నన్ను మెచ్చుకుని, మిగతా మెకానిక్కులకు ఒక గంట పాఠం చెప్పమన్నారు. చెప్పాను కూడా. నా జీవితంలో అంత సిగ్గుగా ఎప్పుడూ సుద్దముక్క పట్టుకోలేదు.

కథ ఇక్కడితో అయిపోవాలి. అవలేదు. వారం తిరక్కుండా ఫెర్రీలో మళ్లీ కబురు, మోటారు చప్పుడు తేడాగా ఉందని బావ అంటున్నాడని.

వెళ్లాను. మూత ఊది చూశాను. నడిపాను. మచ్చుకి కూడా తేడా లేదు. "ఇక్కడ బాగానే ఉంటాది," అన్నాడు బావ. "బయటికెల్తే తెలుత్తాది." మూడు రోజులకి మళ్లీ కబురు. మళ్లీ వెళ్లాను. మళ్లీ ఏమీ లేదు. మిగతావాళ్లంతా హార్బరు దాటి బయట సముద్రంలో వేటాడి సురమలు, ట్యూనాలు లాంటి పెద్ద చేపలు తెస్తున్నారు. బావ మాత్రం జెట్టీ చుట్టూ తిరిగి, ఇంట్లో పులుసుకి సరిపడా పిత్తపరిగెలు పట్టుకొస్తున్నాడు. ఎవరైనా అడిగితే నెపం మోటారు మీద పెడుతున్నాడు. మా అక్క కొట్టు ముందు నిలబడి జనం, మీ తమ్ముడు బాగుచేసింది ఇదేనా అంటున్నారు. మూడోసారి కబురు వచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. సంచీ డింగీలోకి విసిరేసి నేనూ ఎక్కాను.

"పద బావా. బయటికే పోదాం. అక్కడే వినిపించు నాకు."

"నీకు వాంతులవుతాయిరా."

"అయితే అవనీ. నీ మోటారు దగ్గు నా వాంతుల్తోనే పోయేట్టుంది. పద."

ఎండ మంచిగా కాస్తోంది. చాతం దాటాం, అబర్డీన్ వైపు జెట్టీ దాటాం. మోటారు ఒకే రాగం మీద తిరుగుతోంది, నా కడుపు కూడా ఆశ్చర్యంగా కుదురుగానే ఉంది. ఎడమ పక్క కొండ మీద లైట్‌హౌసు కనబడే చోటికి వచ్చేసరికి హార్బరు అయిపోయి నీళ్ల రంగు మారింది, పడవ కింద పెద్ద అలలు మెల్లగా లేచి దిగడం మొదలైంది. బావ వేగం తగ్గించాడు.

"అదిగో. వినబడుతుందా?"

చెవులు రిక్కించాను. ఏమీ లేదు.

"లేదు బావా. బాగానే ఉంది."

"సరిగ్గా ఇను. లోపల ఏదో కొట్టుకుంటున్నాది."

విసుగ్గా వెనక్కి తిరిగాను. నాలుగు మాటలు అనేద్దామని నోరు తెరిచాను కూడా. అప్పుడు చూశాను బావని. ఒక చెయ్యి మోటారు కర్ర మీద ఉంది. రెండో చెయ్యి పడవ అంచుని పట్టుకుని ఉంది, ఆ రోజు ఫెర్రీ ముందు పట్టుకున్నట్టే, వేళ్లు తెల్లబడేలా. కళ్లు మాత్రం నా మీద లేవు, దూరంగా నీళ్లు ఆకాశం కలిసే గీత మీద ఉన్నాయి. ఆ గీత ఏ క్షణాన లేచి నిలబడుతుందోనని కాపలా కాస్తున్నట్టు చూస్తున్నాడు. కొబ్బరిచెట్టు కథ చెప్పి ఏడాదిగా మమ్మల్నందర్నీ నవ్విస్తున్న మనిషి.

నా నోట్లో ఉన్న నాలుగు మాటలు ఎటు పోయాయో తెలియదు. "ఆఁ, వినబడింది బావా," అన్నాను. "ఆపకు, అలాగే నెమ్మదిగా తిరగనియ్యి." సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాను. పైమూత ఎత్తి లోపలికి వంగాను. గట్టిగా బిగిసి ఉన్న ఒక స్క్రూ మీద పెట్టి, తిప్పినట్టు చేశాను. తిప్పినట్టు చేస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. పడవ లేచింది, దిగింది. లేచింది, దిగింది. దూరపు గీత ఉన్నచోటే ఉంది. వెనకనుంచి బావ ఊపిరి మెల్లమెల్లగా నిదానించడం నాకు మోటారు చప్పుడులో కూడా తెలుస్తూనే ఉంది.

"లూజయింది బావా. బిగించాను. ఇప్పుడు చూడు," అన్నాను మూత మూస్తూ.

బావ తల ఒక పక్కకి వంచి విన్నాడు. నా మొహంలోకి చూశాడు. పాతికేళ్లు సముద్రంలో బతికిన మనిషికి ఏ స్క్రూ ఎక్కడుంటుందో తెలియకపోదు.

"అవున్రా. ఇప్పుడు సరిపోయింది," అన్నాడు.

ఆ రోజు ఇంకో మైలు దూరం వెళ్లాం. గేలం వేసి రెండు సురమలు పట్టాడు. నేను మాత్రం మొదటి సురమ పడేసరికి వాంతి చేసుకున్నాను. ఇంటికొచ్చాక అక్క, ఇంతకీ మోటారుకి ఏమైందిరా అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపు బావే, "ఏదో స్క్రూ లూజయిందే. మావోడు పట్టుకున్నాడు," అన్నాడు చేప కోస్తూ. అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మరేం అడగకుండా చింతపండు నానబెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఆ మోటారు గురించి ఫెర్రీలో కబురు రాలేదు.

ఓడ ఉద్యోగం నాకు రానే లేదు. ఇప్పుడు మిడిల్ పాయింట్‌లో పంపుసెట్లు రిపేరు చేస్తాను, నేల మీద, కదలని గచ్చు మీద. ఆ మధ్య పాత పెట్టె సర్దుతుంటే ఆనాటి రిపోర్టుల కార్బన్ కాపీలు బయటపడ్డాయి. ప్లగ్గు శుభ్రపరచడమైనది, కార్బురేటర్ శుభ్రపరచడమైనది, బుడ్డి మార్చడమైనది. ప్రతి కాగితం కింద నా సంతకం, పెద్దది, కింద రెండు గీతలతో. ఆ రెండు గీతలు గీసిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే వేస్తుంది, పిలిచి టోపీ తీయరా ముందు అనాలనిపిస్తుంది. లైట్‌హౌసు బయట బిగించిన ఆ స్క్రూ గురించి ఏమైనా రాశాడేమోనని కాగితాలన్నీ తిరగేశాను. రాయలేదు. ఆ రాయని ఒక్క కాగితం దగ్గర మాత్రం, పోనీలే, వెధవకి ఆపాటి బుద్ధి ఉంది అనుకుని పెట్టె మూసేశాను.